చూసినట్టు వేసిన ముద్ర

మంగళగిరి నేతవాళ్ల వీధిలో "పానకాలూ" అని ఒక్క కేక వేస్తే నాలుగిళ్లలోంచి నలుగురు పలికేవాళ్లు. కొండ మీది దేవుడి పేరు ఎవరు పెట్టుకోరు గనక! అందుకని ఈ పానకాలుని అందరూ కంట్రాక్టరు పానకాలు అనేవాళ్లు. మగ్గాలవాళ్ల ఇంట్లో పుట్టి మేడలు కట్టే పనిలోకి వెళ్లినవాడు ఆ వీధి మొత్తానికి అతనొక్కడే.

గుంటూరులో ఒక మేస్త్రీ దగ్గర చేరి, ఇటుక మోసి, తాపీ పట్టి, టేపు పట్టుకుని, చివరికి సొంతంగా పనులు పట్టే స్థితికి వచ్చాడు. మిరపకాయల గోదాములు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, బడి గదులు కట్టాడు. కట్టిన గోడ వంకర అని ఎవరిచేతా అనిపించుకోలేదు. చదువు అయిదో తరగతితో ఆగినా, నీలం కాగితం మీద తెల్లగీతలతో వచ్చే ప్లాను విప్పితే అందులో గోడ ఎక్కడ లేస్తుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో అతని కళ్లకు కట్టినట్టు కనపడేది.

అది నేర్పింది అంకారావు. ప్రత్తిపాడు రైతుబిడ్డ. మద్రాసులో చదువుకుని వచ్చి అరండల్‌పేటలో బోర్డు కట్టాడు. బోర్డు మీద ఆర్కిటెక్టు అని ఉండేది గాని, ఆ మాట అప్పట్లో ఎవరి నోటా పలికేది కాదు. అందరికీ ఆయన ఇంజనీరు గారే. వయసులో పానకాలు కంటే చిన్నవాడు. ఆయన మొదటి ప్లాన్లన్నీ పానకాలే కట్టాడు. ఒకరికి కాగితం, ఒకరికి కట్టుబడి. ఇద్దరూ కలిసి పైకి వచ్చారు.

పొన్నూరులో బియ్యం మిల్లు కట్టేటప్పుడు మొదటిసారి ఇనప ట్రస్సులు వేయాల్సి వచ్చింది. ట్రస్సంటే కప్పుని మోసే ముక్కోణపు చట్రం. ఇంజనీరు గీసిన ప్లానులో దాని ఆకారం, బలం ఉంటాయి. ఏ ముక్క ఎంత పొడుగు కోయాలి, బెజ్జం ఎక్కడ వేయాలి, ఎన్ని బోల్టులు బిగించాలి అనేది ఇనప పని చేసే వర్కుషాపు వాళ్లు మళ్లీ వేరే గీస్తారు. ఆ గీసిన కాగితాలు ముందు కంట్రాక్టరు దగ్గరికి వస్తాయి. అంకారావు ఆ కాగితాలు బల్ల మీద పరిచి, పానకాలుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పాడు.

"పానకాలు గారూ, ఇవి మొదట మీరు చూడాలి, తరవాత నేను. గోడ మీద కొలతకీ ఇందులో కొలతకీ సరిపోయిందా, నా ప్లానుకి ఎక్కడైనా తేడా చేశారా అన్నది మీరు చూసి నాకు చెప్పాలి. తేడా ఉంటే అది బరువు ఆపుతుందా లేదా అన్నది నేను చూస్తాను. మీరు చూడకుండా పంపితే నేను చూసినా సగమే చూసినట్టు."

పానకాలు ఆ కాగితాలు పట్టుకుని పొన్నూరు వెళ్లి గోడలు కొలిచాడు. ఒక గోడ పక్కకి జరిగి లేచిందని తేలింది. ఇనుము కోయకముందే కొలత దిద్దారు. ఆ రోజు ఇంజనీరు అతని భుజం మీద చెయ్యి వేసి, నాకు మీరున్నారన్న ధైర్యం చాలు అన్నాడు. ఆ మాట పానకాలు ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. తన పేరు చెక్కిన రబ్బరు ముద్ర ఒకటి చేయించుకున్నాడు. 'సరిచూడబడినది' అని ఉండేది దాని మీద.

పందొమ్మిదివందల యాభై ఆరు వచ్చేసరికి ఇద్దరికీ పనులు పోటెత్తాయి. కొత్త రాష్ట్రం, కొత్త ఆఫీసులు, కొత్త బళ్లు. పానకాలు కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగేవాడు. పొద్దున గుంటూరు, మధ్యాహ్నం తెనాలి, మర్నాడు వినుకొండ. అంకారావు దగ్గర కుర్రాళ్లు గీతలు గీసేవాళ్లు, ఆయన సంతకాలు పెట్టేవాడు. ఎదురెదురుగా కూర్చుని కాగితం పరుచుకోవడం తగ్గిపోయింది. దాని బదులు ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరిగింది. మంచిదే అనుకున్నారు ఇద్దరూ.

ఆ రోజుల్లోనే మంగళగిరి నేతగాళ్ల సంఘం ఒక పెద్ద షెడ్డు కట్టాలనుకుంది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేసే గుంట మగ్గం ఇంట్లో ఉంటే వానాకాలం గుంటలోకి నీళ్లు ఊరి పని ఆగిపోతుంది. పని ఆగితే పొయ్యి ఆగుతుంది. మగ్గాలన్నీ ఒకేచోట, ఎత్తయిన అరుగు మీద, గట్టి కప్పు కింద పెట్టుకుంటే ఏడాది పొడుగునా నేయొచ్చు. సంఘం పెద్దల్లో మార్కండేయులు ఒకడు. పానకాలు చెల్లెలు పున్నమ్మ మొగుడు. మేనమామ కొడుకు కూడా. సంఘం సమావేశంలో ఎవరెవరో కంట్రాక్టర్ల పేర్లు వస్తే, మార్కండేయులు లేచి, మనవాడు ఉండగా బయటివాడెందుకు, మా బావ కడితే తన ఇల్లు కట్టుకున్నట్టు కడతాడు అని పట్టుబట్టి పని అతనికే ఇప్పించాడు. ప్లాను అంకారావు గీశాడు. పైన మంగుళూరు పెంకులు అనుకున్నారు. రేకులు వేస్తే ఎండకి నూలు పెళుసై తెగిపోతుందని నేతవాళ్లు వద్దన్నారు. పెంకులు బరువు. అందుకని ట్రస్సుకి అడుగున ఈ గోడ నుంచి ఆ గోడకి పోయే కింది కడ్డీ అతుకు లేకుండా ఒకటే పొడుగు ఇనప యాంగిలుతో ఉండాలని అంకారావు ప్లానులో రాశాడు.

ట్రస్సులు చేసింది గుంటూరులో ఖాదర్ వలి. మాట మీద నిలబడే మనిషి. సర్కారు పర్మిటు ఉంటేగాని ఇనుము దొరకని కాలం అది. అంత పొడుగు యాంగిళ్లు ఎంత తిరిగినా దొరకలేదు. రెండు ముక్కల్ని మధ్యలో పలక వేసి, ఇటు రెండు అటు రెండు బోల్టులతో అతికితే సరిపోతుందనుకుని అలాగే గీయించాడు. దాచలేదు. బజారులో పానకాలు కనపడితే ఆపి మరీ చెప్పాడు.

"కంట్రాక్టరు గారూ, పొడుగు యాంగిళ్లు దొరకలేదండీ. కింది కడ్డీ మధ్యలో అతుకు చూపించాను. మీరొకసారి చూసి ఇంజనీరు గారి చెవిన వేయండి."

"చూస్తాలే సాయిబూ," అన్నాడు పానకాలు. బస్సుకి టైమవుతోంది. వినుకొండలో పునాది తవ్వుతుంటే బండ తగిలిందని కబురొచ్చింది.

వినుకొండ నుంచి తిరిగొచ్చేసరికి కాగితాల చుట్ట బల్ల మీద ఉంది. వర్కుషాపు మనిషి గుమ్మంలో నిలబడి, ఈ రోజు పంపకపోతే పని వెనకబడుతుందంటున్నాడు. పానకాలు ఒళ్లంతా వినుకొండ దుమ్ము. చుట్ట విప్పబోయి, ఎలాగూ ఇంజనీరు గారు చూస్తారుగా అనుకున్నాడు. అంచు మటుకు మడిచి ముద్ర వేసి, పక్కన సంతకం గీకి ఇచ్చేశాడు. ఖాదర్ వలి చెప్పిన మాట ఆ క్షణాన గుర్తే రాలేదు.

కాగితాలు అరండల్‌పేట చేరాయి. అంకారావు పానకాలు ముద్ర చూశాడు. పొన్నూరు మిల్లు నాటి నుంచి ఆ ముద్ర తప్పు చెప్పలేదు. కప్పు వాలు సరిగ్గా ఉందా, గోడకీ గోడకీ మధ్య దూరం సరిపోయిందా అని పైపైన చూసి సంతకం పెట్టాడు.

ట్రస్సులు పైకెత్తే రోజు పానకాలు దగ్గరే ఉన్నాడు. తాళ్లతో మొదటిది లేచి గోడల మీద కూర్చుంటుంటే కింది కడ్డీ మధ్యన పలక కనపడింది. అతని చూపు అక్కడే ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది సాయిబు మాట. పనివాళ్లని ఆగమని చెయ్యెత్తబోయాడు. అంతలోనే, ఇంజనీరు గారు సంతకం పెట్టాక మనం అనేదేముంది, ఆయనకి తెలియదా అనిపించింది. ఎత్తిన చెయ్యి దించుకున్నాడు. పక్కనే నిలబడి చూస్తున్న మార్కండేయులు, ఏం బావా అలా చూస్తున్నావని అడిగాడు. ఏం లేదు బావా, బాగా కూర్చుంది అన్నాడు పానకాలు.

షెడ్డు బాగానే వచ్చింది. మగ్గాలు వరసగా దిగాయి. మొదటి వానాకాలం గడిచింది. గుంటల్లో చుక్క నీరు ఊరలేదు. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు ఆగని వానాకాలం ఆ వీధి చూడటం అదే మొదలు. పున్నమ్మ షెడ్డులోనే ఒక మూల కూర్చుని మొగుడికి నూలు కండెలు చుట్టేది. మా అన్నయ్య కట్టిన షెడ్డు అని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పేది.

తరవాతి ఏడు కార్తీకంలో తుపాను పట్టింది. మూడు రోజులు ముసురు. పెంకులు నీళ్లు తాగి బరువెక్కాయి. అద్దకం చేసిన నూలు కట్టలు, చిలపలంటారు వాటిని, బయట ఆరే దారి లేక, షెడ్డులో కింది కడ్డీలకి వెదుళ్లు కట్టి ఆరేశారు. తడి నూలు బరువు తడి నూలుది. నాలుగో రోజు పొద్దున గాలి తిరిగింది. అన్నాలకి లేవబోయే వేళ పైన ఏదో ఫట్‌మంది. అరుగు అంచున ఉన్న ఆడవాళ్లు, కుర్రాళ్లు బయటికి ఉరికారు. గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీదికి వంగి ఉన్నవాడు లేవాలంటే వెనక్కి జరగాలి, చేతులు ఊనాలి, కాళ్లు పైకి తీసుకోవాలి. అంత వ్యవధి ఇవ్వకుండానే కప్పు కూలింది. మధ్య వరసలో ఉన్న మార్కండేయులు, ముసలి పేరయ్య గుంటల్లోనే పోయారు. ఇంకా చాలామందికి కాళ్లు చేతులు విరిగాయి.

కబురందుకుని పానకాలు గుంటూరు నుంచి పరిగెత్తుకొచ్చాడు. వానలో నిలబడి ఒక్కొక్క పెంకూ తన చేతుల్తో తీశాడు. బావని బయటికి తీసింది అతనే. తరవాత కడ్డీల మధ్య వెతికాడు. ఏం వెతుకుతున్నాడో అతనికి తెలుసు. పలక దొరికింది. ఒక పక్క రెండు బోల్టులూ తెగిపోయి ఉన్నాయి. అక్కడే బురదలో కూలబడ్డాడు.

పోలీసు కేసయింది. పానకాలు మీద, అంకారావు మీద, ఖాదర్ వలి మీద. ఖాదర్ వలి తనకు సంతకంతో వచ్చిన కాగితం ప్రకారమే చేశానన్నాడు. అందులో అబద్ధం లేదు. మిగిలిన ఇద్దరినీ బ్రాడీపేటలో ఒక ప్లీడరు గారు కూర్చోబెట్టుకున్నాడు. పెద్ద పేరున్న మనిషి. మీలో మీరు ఒకరి మీద ఒకరు వేసుకుంటే ఇద్దరూ మునుగుతారని చెప్పి, ఆయన దారి చూపించాడు. కప్పు కట్టింది పెంకులు మోయడానికి, తడి నూలు మోయడానికి కాదు. కడ్డీలకి నూలు వేలాడదీయమన్నది ఎవరు? షెడ్డు బాధ్యత చూసే సంఘం పెద్ద. ఆ పెద్ద ఇప్పుడు లేడు.

"పోయినవాడికి ఇంక పోయేదేముందయ్యా?" అన్నాడు ప్లీడరు. "ఆయనే ఆరేయించాడని మీరు ఒక్క మాట చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను."

అంకారావు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. పానకాలుకి ఇంట్లో భార్య అంకమ్మ గుర్తొచ్చింది. మంచం దిగలేని తల్లి గుర్తొచ్చింది. తల ఊపాడు.

సాక్ష్యం చెప్పే రోజు కోర్టు వరండాలో నేతవాళ్లంతా ఉన్నారు. అతన్ని చూసి తలలు తిప్పుకున్నారు. పున్నమ్మ ఒక్కతే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. మొగుడు పోయినప్పటి నుంచి అన్నతో ఆమె మాట్లాడలేదు. అతనూ ఎదుటపడే ధైర్యం చేయలేదు. ఆ రోజు ఆమే లేచి దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, నిన్నొకటి అడగాలి," అంది నెమ్మదిగా. "నూలు ఆరేసినందుకే పడిందంటున్నారు. నిజమేనా?"

పానకాలు తల దించుకుంటే ఆమె ఇంకా దగ్గరికి జరిగింది.

"కడ్డీలకి ఆరేద్దామన్నది ఆయన కాదు. నేను. వద్దులే అన్నాడు ఆయన. నూలు కుళ్లిపోతుంది, ఆరేయించమని నేనే పోరాను. ఇది ఎవరికీ చెప్పలేదు. నా చేతుల్తో నేనే ఆయన్ని చంపుకున్నానా? నీకు తెలుసు కదా, నువ్వు కట్టినవాడివి. చెప్పు."

అంతలో లోపల్నించి పేరు పిలిచారు.

బోనులోకి ఎక్కేదాకా తను ఏం చెబుతాడో పానకాలుకే తెలియదు. ప్లీడరు గారు నేర్పిన ప్రశ్నలే అడిగాడు. షెడ్డులో నూలు ఆరేయడం చూశారా, అది ఎవరు చేయించారు అని. పానకాలు కటకటాలు పట్టుకుని మేజిస్ట్రేటు గారి వైపు తిరిగాడు.

"నాలుగు చిలపల నూలుకి పడిపోయేది కప్పే కాదండయ్యా. ఏ ఇంట్లోనైనా వానొస్తే దూలానికి బట్టలు ఆరేసుకుంటారు. దానికి కప్పు ఆగాలి. కింది కడ్డీ అతుకు లేకుండా ఉండాలని ప్లానులో ఉంది. వర్కుషాపు కాగితంలో అతుకు ఉంది. అది పట్టుకుని ఇంజనీరు గారికి చెప్పాల్సింది నేను. నేను కాగితం విప్పలేదు. చూసినట్టు ముద్ర వేశాను. కడ్డీ పైకెత్తిన రోజు కళ్లారా చూశాను. అప్పుడూ నోరు మెదపలేదు. నూలు ఆరేసినవాళ్ల తప్పు ఇందులో లేదు."

మరి ఇంజనీరు గారి సంతకం మాటేమిటి, ఆయన తప్పు లేదా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఆయన సంగతి ఆయన్నే అడగండయ్యా అన్నాడు పానకాలు. అంకారావుని అడిగారు. తన సంతకం ప్లాను ఆకారం వరకే అనీ, కొలతలూ అతుకులూ సరిచూసుకునే పూచీ కంట్రాక్టరుదనీ, ఒప్పందంలో ఆ మాట రాసి ఉందనీ ఆయన చెప్పాడు. రాసి ఉన్నమాట నిజమే. పానకాలుకి జైలు పడింది. అంకారావుకి మందలింపు పడింది. ఖాదర్ వలిని వదిలేశారు.

పోలీసులు తీసుకెళుతుంటే వరండాలో పున్నమ్మ ఎదురొచ్చింది. లోపల అతను చెప్పిందంతా తలుపు దగ్గర నిలబడి వింది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"నా మీదా, ఆయన మీదా పడనీయకుండా చూశావు. అంత వరకూ నీకు దణ్ణం," అంది. ఒక అడుగు వెనక్కి వేసి, "కానీ అన్నయ్యా, నన్ను మీ ఇంటికి రమ్మని అడగొద్దు," అంది.

శిక్ష అయి బయటికొచ్చేసరికి తల్లి లేదు. కంట్రాక్టరు లైసెన్సు పోయింది. మంగళగిరిలో తలెత్తుకుని తిరిగే దారి లేదు. భార్యని తీసుకుని వినుకొండ వెళ్లిపోయాడు. అక్కడ ఒక కంట్రాక్టరు దగ్గర పని మీద నిలబడే సూపర్‌వైజరుగా కుదిరాడు. ఏ కాగితం వచ్చినా విప్పి, గోడ మీద కొలిచి, మళ్లీ కొలిచి గాని పని మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. యజమాని విసుక్కునేవాడు. ఇంత నసపెట్టే మనిషితో వేగలేనని రెండుసార్లు మానిపించి, మళ్లీ పిలిచాడు. ముద్ర మాత్రం పానకాలు మళ్లీ పట్టలేదు. సంతకం కావాల్సొస్తే యజమానినే పెట్టమనేవాడు.

అరవై నాలుగులోనో అయిదులోనో వినుకొండలో ఒక పత్తి మిల్లు పని మొదలైంది. దానికి ప్లాను గీసింది అంకారావు. పని చూడటానికి కారులో వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. పానకాలుని చూసి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఇద్దరూ ఇసక కుప్ప పక్కన రాళ్ల మీద కూర్చున్నారు. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నారు. పనివాళ్లు దూరంగా వెళ్లాక అంకారావు అడిగాడు.

"ఆ రోజు నూలు మాట చెప్పి ఉంటే మీరు జైలుకి పోయేవారు కాదు. ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చానండీ," అన్నాడు పానకాలు. "వరండాలో మా చెల్లెలు అడ్డుపడింది."

అంకారావు చేతిలో పెన్సిలుతో నేల మీద ఏవో గీతలు గీశాడు. చివరికి, "మీ ముద్ర ఉందని నేను చూడలేదు పానకాలు గారూ," అన్నాడు.

"తెలుసండీ. మీ సంతకం ఉందని నేనూ ఊరుకున్నాను."

గుంటూరు రమ్మని, తన దగ్గరే ఏదైనా పని చూస్తానని అంకారావు అన్నాడు. పానకాలు వద్దన్నాడు. కోపంతో కాదు. ఆయనతో కలిసి ఏ కప్పు కిందికి వెళ్లినా బావ మొహమే కనపడుతుందని అతనికి తెలుసు. అది ఆయనకి చెప్పలేదు. ఇక్కడ అలవాటైపోయిందండీ అన్నాడు అంతే.

ఆ మరుసటి ఏడు అంకమ్మకి జబ్బు చేసింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లినా నిలవలేదు. ఎవరు కబురు చేశారో ఏమో, పున్నమ్మ మంగళగిరి నుంచి వచ్చింది. సంచీ ఒక మూల పెట్టి, చీర కొంగు దోపి వంటింట్లోకి వెళ్లింది. దినకర్మలు అయ్యేదాకా ఉంది. వచ్చినవాళ్లకి వండిపెట్టింది, వదిన చీరలు మడతపెట్టింది, అన్న తినకపోతే కంచం ముందు కూర్చుని తినేదాకా లేవలేదు. అన్ని రోజుల్లో షెడ్డు మాటగాని, మార్కండేయులు మాటగాని ఇద్దరి మధ్యా రాలేదు. పానకాలు ఎన్నోసార్లు ఎత్తబోయాడు. ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

వెళ్లే రోజు బస్టాండు దాకా సంచీ అతనే మోశాడు. బస్సు వచ్చింది. మెట్టు ఎక్కి వెనక్కి తిరిగి, ఉట్టి మీద మజ్జిగ పెట్టాను, ఎండకి పులవకముందే తాగెయ్యి అంది. ఇంకేమైనా అంటుందేమోనని అతను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె పక్క సీటు మనిషిని జరగమంటోంది. బస్సు కదిలింది.

ఆ తరవాత పున్నమ్మ వినుకొండ రాలేదు. పానకాలు రమ్మని అడగలేదు.